గుంతల మిషనుకు మూడు తాళాలు

ఆ రోజు ట్రాలీ ఊడిపోకపోయి ఉంటే ఎర్రగుట్లపల్లి తిప్పేస్వామికి శాలువా దక్కేది కాదు.

ఊడిపోయిన ట్రాలీ తిప్పేస్వామిది కాదు. అసలు ఏ రైతుదీ కాదు. డివిజను కేంద్రంలో భద్రత గురించి సభ జరుగుతుంటే, ఆ సభకే కుర్చీలు మోసుకొస్తున్న అద్దె ట్రాక్టరుది. వెనక కొక్కెంలో వేసిన పిన్నుకు లాకు లేదు. లాకు ఉండాల్సిన కన్నంలో డ్రైవరు ఒక వంకర మేకు దూర్చి, ఆ మేకు జారకుండా అరటినార చుట్టాడు. ఎత్తు దిగేటప్పుడు నార తెగింది, మేకు జారింది, పిన్ను ఎగిరింది, ట్రాలీ తన దారి తాను చూసుకుంది. ఎవరినీ తొక్కకుండా నిదానంగా, మర్యాదగా దొర్లుకుంటూ వచ్చి వేదికను గుద్దింది. అప్పుడే “భద్రతే మన ఊపిరి” అన్న ముక్క దగ్గరున్న ముఖ్య అతిథి మైకుతో సహా పూలకుండీల్లో పడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు. తగిలి ఉంటే కట్టుకట్టి వదిలేసేవాళ్ళు. తగల్లేదు కాబట్టి కమిటీ వేశారు.

ఈ జబ్బుకు మందేమిటో ట్రాక్టరున్న ప్రతివాడికీ తెలుసు. చిటికెన వేలంత పిన్ను, దాని తలకొక స్ప్రింగు రింగు. కన్నంలో దూర్చి రింగును అవతలికి పడేస్తే టక్కుమంటుంది. ఇక ఎన్ని గతుకులొచ్చినా ఊడదు. తీయాలంటే బొటనవేలితో రింగు ఎత్తితే చాలు. ఎద్దులబండి చక్రానికి కడచీల ఎలాగో, ట్రాక్టరుకు ఇది అలాగ. స్పేరు పార్టుల కొట్టువాడు వీటిని సీసాలో పోసి, పిప్పరమెంట్ల మాదిరి బల్ల మీద పెట్టుకుంటాడు. బండికి నాలుగేసి పంచిపెట్టి ఉంటే కథ కంచికి చేరేది. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తకపోతే అధికారం ఉన్నట్టు పదిమందికీ తెలిసేదెట్లా?

కమిటీకి అధ్యక్షులు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన జన్మలో ట్రాక్టరు ఎక్కలేదు. అందుచేత ఆయనకు ఈ విషయంలో పక్షపాతం ఉండదని ఎంచి వేశారు. ఆయన మంచి పట్టుదల గల మనిషి. రకరకాల రింగు పిన్నులను తెప్పించి, తెల్లగుడ్డ మీద పరిచిపెట్టించి, దూరం నుంచి చూసి, నివేదికలో ఇలా రాశారు: “పరిశీలించిన పిన్నులన్నింటియందును ఒక మౌలిక లోపము గుర్తించడమైనది. వాటిని రైతు తీయగలుగుచున్నాడు. తీయుటకు వీలైన దానిని లాకు అని వ్యవహరించుట సమంజసము కాదు.”

ఆ ఒక్క వాక్యంతో ఆయన కమిటీ అధ్యక్షుడి నుంచి విభాగాధిపతి అయ్యారు. విభాగం పేరు అనుసంధాన భద్రతా విభాగం. ట్రాక్టరు వెనక మూడు చేతులుంటాయి: కింద రెండు, పైన ఒకటి. దున్నే మడకైనా, విత్తే గొర్రైనా, రోటవేటరైనా ఆ మూడు చేతులకే పిన్నులతో తగిలించాలి. ట్రాలీ వాటికి తగిలించేది కాదు, దానిది వెనక కొక్కెం. ఊడింది కొక్కెం దగ్గర, తాళాలు పడింది చేతులకు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే. అయితే కొక్కెం ఒక్కటే కదా. ఒక్క కొక్కేనికి ఒక్క శాఖే వస్తుంది. చేతులు మూడు కనక పై చేతి శాఖ, ఎడమ చేతి శాఖ, కుడి చేతి శాఖ అని మూడు వచ్చాయి, ముగ్గురు అధికారులొచ్చారు, మూడు జీపులొచ్చాయి.

ఏ చేతి తాళంచెవి ఆ శాఖలోనే ఉంటుంది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెద్దలు దానం గురించి అన్నారు. పరాంకుశం గారు దాన్ని సర్క్యులరుగా మార్చారు.

తిప్పేస్వామి సర్కారు మాటంటే పడి చచ్చే రకం. భూమిశిస్తు తలారి రాకముందే కట్టేవాడు. ఖాళీ రోడ్డు మీద కూడా చెయ్యి చూపించి మలుపు తిరిగేవాడు. తాళాల క్యాంపు పెట్టారని దండోరా విన్న వెంటనే స్నానం చేసి, ట్రాక్టరు కడిగి, బొట్టు పెట్టి బయలుదేరాడు. వట్టి ట్రాక్టరు తేకూడదు, ఏదో ఒక పనిముట్టు తగిలించుకునే రావాలన్నారు. తాళం వేయాలంటే దేనికో ఒకదానికి వేయాలి కదా. అతని బండికి ఆ పూట గుంతలు తీసే మిషను తగిలించి ఉంది. చేని చుట్టూ కంచె కూసాలు పాతడానికని బావమరిది కుళ్ళాయప్ప దగ్గర, వాడుకుని ఇచ్చేస్తానని, ఎరువు తెచ్చుకున్న మిషను. మనిషి ఎత్తున్న ఇనుప మరమేకులాంటిది. భూమిలోకి తిరుగుతూ దిగి మోకాటి లోతు గుంత తీస్తుంది. ఆ పని తప్ప దానికి లోకంలో వేరే పని రాదు.

వరసలో మొదట నిలబడ్డవాడు తిప్పేస్వామే. కాబట్టి డివిజను మొత్తానికి మొదటి తాళం అతని బండికే పడింది. ముగ్గురు అధికారులు వంగి, ఒక్కొక్కరు ఒక్కో చేతికి, దోసకాయంత తాళాలు వేశారు. సన్నాయి వాళ్ళు వాయించారు. పరాంకుశం గారు శాలువా కప్పి మైకు అందుకున్నారు.

“మూడు చేతులకు మూడు తాళాలు, మూడు ముళ్ళతో సమానం! ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్య ఇంతకాలం ఉన్న తాత్కాలిక, విశృంఖల సంబంధాలకు నేటితో స్వస్తి పలుకుతున్నాం. నేటి నుంచి వారిది విడదీయరాని బంధం. ఈ తిప్పేస్వామి మన ఆదర్శ అనుసంధాన రైతు!”

జనంలోంచి కుళ్ళాయప్ప చెయ్యెత్తాడు.

“సారూ, ఆ మిషను నాది సారూ. మా బావ ఎరువు తెచ్చుకున్న్యాడు. సాయంత్రం ఇచ్చేస్తానన్న్యాడు.”

“శుభసమయంలో యాజమాన్య వివాదాలు లేవనెత్తరాదు,” అన్నారు పరాంకుశం గారు. సన్నాయి మళ్ళీ మొదలైంది.

శాలువా భుజాన ఉన్నంతసేపూ తిప్పేస్వామికి ఏ అనుమానమూ రాలేదు. ఫోటో తీశారు, గోడలకు అంటించారు. పాల కేంద్రం మీద, బస్టాండు మీద, చివరికి మరుగుదొడ్డి మీద కూడా తిప్పేస్వామి నవ్వుతూ గుంతల మిషను పక్కన నిలబడి ఉన్నాడు. కింద ‘వీడని బంధం, వాడని భద్రత’ అని రాసి ఉంది. వాడని భద్రత అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. ఎండాకాలం గనక ఊళ్ళో ఎవరికీ పని తొందరా లేదు. ఒకరి బండికి చదును చేసే బ్లేడు, ఒకరికి రోటవేటరు, ఒకరికి మడకలు, ఏది తగిలించుకుని వెళ్తే దానికే తాళం పడింది. ఊళ్ళో ఎడ్లు ఎప్పుడో పోయాయి, విత్తడమన్నా ట్రాక్టరుతోనే. ఆ విత్తే గొర్రు మాత్రం ఎవరి బండికీ లేదు. ఎండల్లో విత్తే గొర్రు తగిలించుకుని ఎవడు తిరుగుతాడు?

ఆరుద్ర కార్తెలో వాన పడింది.

ఆ నేల సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. అక్కడిది ఎర్రమన్ను, పైరు వేరుశనగ. వాన ఏడాదికి ఒక్కసారి మనసు పెట్టి పడితే గొప్ప. పడ్డాక మన్ను పిడికిట పట్టి వదిలితే ఉండకట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. దాన్ని పదును అంటారు. ఆ పదును గాలి తోలితే పోతుంది, ఎండ కాస్తే పోతుంది. ఉన్న నాలుగు పొద్దుల్లో గింజ లోపల పడితే పంట, పడకపోతే ఆ ఏటికి లేదు. అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు. తిప్పేస్వామి పెళ్ళాం సుంకమ్మ కూలోళ్ళను పెట్టుకుని విత్తనకాయంతా ఒలిచి, గింజ గింజా ఏరి మూటలు కట్టి పెట్టింది. ఒలిచిన గింజ ఇంకో వానదాకా ఆగదు. పురుగు పడుతుంది, మొలక చస్తుంది. ఆ ఇంటికి ఆ ఏడు ఉన్నదల్లా ఆ మూటలే.

పొద్దున్నే సుంకమ్మ చేనికెళ్ళి గుప్పెడు మన్ను తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

“సూడు. ఎట్లుండాదో సూడు. వెన్న మాదిరి ఉండాది. యాలయ్యా ఇంకా ఆ గుంతల మిషను తగిలించుకోని కూకున్న్యావు? గొర్రు కట్టు.”

“తాళమేసినారు కదే.”

“ఏసింటే? సుత్తె తీసుకోని నాలుగు పెట్టు. తాళమా, కొండా అది?”

“సర్కారు తాళమే సుంకా. పక్కూళ్ళో ఒకాయప్ప పగలగొట్టినాడని బండి గుంజుకోని పోల్యా? ఆఫీసు కాంపౌండులో దాని మీద కాకులు గూడు పెట్టినాయి. అయినా నేను పగలగొడ్తే ఎట్ల? నా ఫోటో గోడల మీద ఉండాది.”

“గోడ మీద ఫోటో ఉంటే కుండలోకి కూడొస్తాదా?”

తిప్పేస్వామి శాలువా తీసుకుని డివిజను ఆఫీసుకు బయలుదేరాడు. దారిలో కుళ్ళాయప్ప ఎదురొచ్చాడు.

“బావా, నా మిషను పోతే పోయింది. నేనే కోసేస్తా, నా మీదనే కేసు రాయనీ. నీ చేను ఎండిపోతాది.”

“వద్దప్పా. పెద్దసారు నన్ను ఎరుగును. ఒక్క మాట చెప్తే ముగ్గురూ పరిగెత్తుకోని వస్తారు,” అన్నాడు తిప్పేస్వామి. అతని నమ్మకం చూసి కుళ్ళాయప్పకు కోపం రావాల్సింది పోయి జాలేసింది.

ఆఫీసులో నిజంగానే మర్యాద జరిగింది. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. పరాంకుశం గారు లేచి నిలబడి, సిబ్బందిని పిలిచి, “వీరే మన పోస్టరు,” అని పరిచయం చేశారు. వచ్చిన పని చెప్పేసరికి మాత్రం ఆయన ముఖం సంబంధం తప్పిపోయిన పెళ్ళిపెద్ద ముఖంలా అయింది.

“విడదీయమంటున్నావా? నువ్వా? ఆదర్శ రైతువే ఇలా అంటే సామాన్య రైతుకు మనం ఏ సందేశం ఇస్తున్నట్టు?”

“సందేశం కాదు సార్, విత్తనమేయల్ల. వాన పడింది.”

“వర్షం మా పరిధిలోకి రాదు.”

“వాన మీది కాదు సార్, దేవునిది. తాళం మీది. దేవుడిచ్చినాడు, మీరు తీస్తే విత్తుకుంటా.”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

“చూడు నాయనా. విభాగం ఏర్పడిన నాటి నుంచి నేటి వరకు మా పరిధిలో ఒక్క పనిముట్టు కూడా ఊడిపోలేదు. ఇది ప్రపంచంలో ఎక్కడా సాధ్యం కాలేదు. ఎందుకు సాధ్యమైంది? ఎవరూ దున్నలేదు కనుక. దీన్ని భంగం చేయమంటున్నావు.”

తిప్పేస్వామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ‘పదును పోతాది సార్’ అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. చివరికి శాలువా విప్పి ఆయన బల్ల మీద పెట్టేసరికి, పోస్టరు మనిషి శాలువా వాపసిచ్చాడన్న మాట బయటికి పోతే బాగుండదని ఆయనకు తోచింది. మూడు శాఖలకూ కబురు వెళ్ళింది. కుడి చేతి అధికారి తాళాల నిర్వహణ మీద శిక్షణకు పోయి ఉండడంతో ఒక పొద్దు అక్కడే పోయింది. ఆ పొద్దంతా ఎండ కాసింది.

మర్నాడు మధ్యాహ్నం మూడు జీపులు వరసగా వచ్చి చేని గట్టున ఆగాయి. ఊరు ఊరంతా వచ్చింది. ముగ్గురు అధికారుల చేతుల్లోనూ ఎర్ర మఖమలు సంచులు, వాటిలో తాళంచెవులు. తిప్పేస్వామికి ఏడుపొచ్చినంత పనైంది. సుంకమ్మ విత్తనాల మూటలు గట్టు మీదికి మోసుకొచ్చింది. కుళ్ళాయప్ప విత్తే గొర్రును నలుగురి సాయంతో ట్రాక్టరు వెనక్కి లాక్కొచ్చాడు. అధికారులు వంగారు. చెవులు తాళాల్లోకి దూరాయి.

“ఆగండి!” అన్నారు పరాంకుశం గారు.

ఆయన చేతిలో నిబంధనల పుస్తకం తెరిచి ఉంది. పైకి చదివారు: “ఏ ట్రాక్టరు అయినను, ఏ కారణము చేతనైనను, క్షణకాలమైనను తాళరహితముగా ఉండరాదు.”

“అంటే ఏంది సార్?” అన్నాడు తిప్పేస్వామి.

“అంటే ఇప్పుడు ఈ గుంతల యంత్రాన్ని విప్పామనుకో. గొర్రు తగిలించి తాళం వేసేలోగా నీ ట్రాక్టరు చట్టవిరుద్ధం అవుతుంది. మా సమక్షంలోనే నేరం జరుగుతుంది. అది మేం చూస్తూ ఊరుకోలేం. కాబట్టి ముందు గొర్రు తగిలించు. దానికి తాళాలు వేస్తాం. ఆ తర్వాత దీన్ని విప్పుతాం.”

జనం వంగి ట్రాక్టరు చేతులు లెక్కపెట్టారు.

“సార్,” అన్నాడు తిప్పేస్వామి నిదానంగా, చంటిపిల్లకు చెప్పినట్టు. “చేతులు మూడే సార్. మూడింటికీ ఈ మిషనే ఉండాది. గొర్రు యాడ తగిలించల్ల?”

“అది సాంకేతిక సమస్య,” అన్నారు ఎడమ చేతి అధికారి.

“మా వైపు ఏ లోపమూ లేదు. చెవి దూరింది,” అన్నారు కుడి చేతి అధికారి.

“నువ్వు వినతిపత్రం ఇస్తే, ట్రాక్టరుకు అదనంగా మరో మూడు చేతుల మంజూరు విషయం పైవారి దృష్టికి తీసుకువెళతాను,” అన్నారు పరాంకుశం గారు. ఆయన పరిహాసం ఆడటం లేదు. ఆయనకు పరిహాసం అనేది లేదు.

“సార్, ఒక్క నిమిషం సార్! రెప్పపాటు!” అన్నాడు కుళ్ళాయప్ప. “మీరంతా కండ్లు మూసుకోండి. నేను విప్పి కట్టేస్తా.”

“నిబంధనల ముందు మేం కళ్ళు మూసుకోం,” అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. విభాగం పుట్టాక మూడు శాఖలూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

తాళంచెవులు మళ్ళీ మఖమలు సంచుల్లోకి వెళ్ళాయి. స్పష్టత కోసం పైకి రాస్తామని చెప్పి జీపులు తిరిగి వెళ్ళిపోయాయి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. తిప్పేస్వామి వెనక గొయ్యి తవ్వే మిషనే ఉంది. అతను ట్రాక్టరు మీదే కూర్చుండిపోయాడు. చేని మీద పడమటి గాలి తోలుతూ ఉంది. ఆ గాలి ఏం పట్టుకుపోతోందో అతనికి తెలుసు.

ఆ సాయంత్రం అతను మొదటిసారి సుత్తి చేతికి తీసుకున్నాడు. పై చేతి తాళం మీద ఎత్తాడు కూడా. కానీ అప్పుడే గట్టు మీద కుడి చేతి శాఖ వాళ్ళు కాపలా పెట్టిన మనిషి దగ్గాడు. ఆ మనిషి చేను కూడా తడిసే ఉంది, విత్తడానికి దారి లేక జీతానికి వచ్చాడు. తిప్పేస్వామి సుత్తి దించి ఇంటికెళ్ళిపోయాడు.

పైనుంచి స్పష్టత వచ్చింది. అన్యాయం చెప్పకూడదు, చాలా త్వరగానే వచ్చింది, వాళ్ళ లెక్కలో. ఈలోగా మన్ను పిడికిట పడితే పిండిలా జారిపోవడం మొదలుపెట్టింది. వచ్చిన ఉత్తర్వును పరాంకుశం గారు స్వయంగా మోసుకొచ్చారు. ఈసారి ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“సమస్య సమూలంగా పరిష్కారమైంది!” అని చదివారు. “పై పరిస్థితుల దృష్ట్యా, సదరు గుంతల యంత్రమును నేటి నుండి విత్తన గొర్రుగా పరిగణించడమైనది.”

తిప్పేస్వామికి అర్థం కాలేదు. “అంటే తాళం తీస్తారా సార్?”

“తీయవలసిన అవసరమే లేకుండా పోయింది కదా! ఇక ఇదే గొర్రు. విత్తుకో. ఏదీ, ఫోటోకు రెండు వరసలు వెయ్యి.”

తిప్పేస్వామి ట్రాక్టరెక్కాడు. ఎందుకెక్కాడో అతనికే తెలియదు, ఎక్కమన్నారు, ఎక్కాడు. గుంతల మిషను గిర్రున తిరిగి భూమిలోకి దిగింది. పైనున్న కాస్త మంచి మన్ను అడుక్కి పోయి, అడుగునున్న గరుసు పైకొచ్చింది. మోకాటి లోతు గుంత. కొంచెం ముందుకు జరిపి ఇంకొకటి. చేని నడుమ వరసగా గుంతలు పడ్డాయి. పరాంకుశం గారు మొదటి గుంత దగ్గర వంగి, ఒకే ఒక్క వేరుశనగ గింజను రెండు వేళ్ళతో పట్టుకుని, కెమెరా వైపు చూసి నవ్వుతూ లోపలికి వదిలారు. గింజ ఎక్కడ పడిందో కనపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ‘ఒకే యంత్రం, రెండు ప్రయోజనాలు’ అని కొత్త పోస్టరు వేస్తామన్నారు.

ఎండగా ఉందని అధికారులందరూ వచ్చి తిప్పేస్వామి ఇంటి ముందు పందిరి కింద కూర్చున్నారు. లోపల సుంకమ్మ పొయ్యి మీద మంగలం పెట్టి ఏదో వేయిస్తోంది. ఆ రెండు మూడు పొద్దుల్లో ఆమె ఏడవడం కూడా మానేసింది. వెదురు చేటలో వేడివేడిగా వేరుశనగ గింజలు, పక్కన ఉప్పు, పచ్చిమిరపకాయ తెచ్చి వాళ్ళ మధ్య పెట్టింది. మూడు శాఖల వాళ్ళూ ఒకేసారి చేతులు పెట్టారు.

“ఆహా!” అన్నారు పరాంకుశం గారు నములుతూ. “ఇదేం కాయమ్మా? ఒక్క గింజ చెడ్డది తగల్లేదే! అన్నీ ఒకే సైజు. బజార్లో ఇలాంటివి దొరకవు.”

“ఏరినవి సార్,” అంది సుంకమ్మ. “ఒక్కొక్కటీ చేత్తో ఏరినా. విత్తనాలు.”

పందిరి కింద ఒక్క క్షణం నమిలే చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

“మంచి పని చేశావు,” అన్నారు పరాంకుశం గారు, పొట్టు ఊదుకుంటూ. “విత్తనమే ఇంత రుచిగా ఉంటే, ఇక పంట ఎంత బాగుంటుందో!”

గుంజకు ఆనుకుని నిలబడ్డ తిప్పేస్వామి ఆయన వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు చేతులు కట్టుకోలేదు.

“పంట అదే సార్,” అన్నాడు. “తినేయండి. లోపల ఇంకా మూటలుండాయి.”

సార్ ఇంకో గుప్పెడు తీసుకున్నారు.